మ్యూజియంలో దేవుడు: బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నెలకో ఆదివారం కొందరు తెలుగువాళ్లం కలిసి కస్తూర్బా రోడ్డు, ప్యాలెస్ రోడ్డు గ్యాలరీల్లో బొమ్మలు చూసి వస్తుంటాం. వైట్‌ఫీల్డ్ నుంచి, మారతహళ్లి నుంచి వచ్చేవాళ్లు కొందరు, ఊరి నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు కొందరు, చల్లగా ఉంటుందని వెంటబడే పిల్లలు కొందరు. దేవుడి చుట్టూ, పూజ చుట్టూ ఈ కాలపు కళాకారులు చేసిన పనుల దగ్గరికి వచ్చేసరికి అందరికీ ఒకటే సందేహాలు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను. నేను కళాచరిత్ర చదువుకున్నదాన్ని కాను, చూసీ చూసీ అలవాటుపడినదాన్ని. నా అభిప్రాయాలు ఎక్కడ దూరాయో మీకే తెలుస్తుంది.

లోపలికి వెళ్లేటప్పుడు చెప్పులు విప్పాలా?

అక్కర్లేదు. గది మొత్తాన్నీ ఒకే కళాకృతిగా అమర్చే ఇన్‌స్టలేషన్లలో నేల కూడా బొమ్మలో భాగమైతే విప్పమంటారు, గుమ్మం దగ్గరే రాసి ఉంటుంది. మా పెద్దత్తయ్య మాత్రం కంచు నటరాజు కనబడగానే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. కాపలా అబ్బాయి చూసి నవ్వాడు తప్ప ఏమీ అనలేదు.

మ్యూజియంలో ఉన్న విగ్రహానికి దణ్ణం పెట్టుకోవచ్చా? అందులో దేవుడు ఉన్నట్టా, లేనట్టా?

దణ్ణం పెట్టుకుంటే ఎవరూ వద్దనరు. పువ్వులు పెట్టడం, బొట్టు పెట్టడం, పాదాలు తాకి కళ్లకద్దుకోవడం మాత్రం కుదరదు. చేతి చెమటలో ఉప్పూ జిడ్డూ ఉంటాయి, అవి కంచునీ రాతినీ కొద్దికొద్దిగా తినేస్తాయి.

రెండో ప్రశ్నే అసలు ప్రశ్న. దానికి సగం జవాబు మన ఇళ్లలోనే ఉంది. వినాయక చవితినాడు మట్టి బొమ్మలోకి స్వామిని ఆవాహన చేస్తాం, ఉద్వాసన చెప్పాక అదే బొమ్మను చెరువులో కలిపేస్తాం, ఎవరికీ బాధ ఉండదు. గుడి బాగుచేసేటప్పుడు మూలవిరాట్టు కళను కలశంలోకి తీసుకుని బాలాలయంలో, అంటే తాత్కాలిక గుడిలో, ఉంచుతారు. యాదగిరిగుట్టలో 2022 మార్చి దాకా దర్శనం అలా బాలాలయంలోనే జరిగింది. మట్టి వేరు, అందులోకి పిలిచిన దేవుడు వేరు అని మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

మ్యూజియంలోని పాత విగ్రహాలతో చిక్కేమిటంటే, వాటిలో చాలావాటికి ఎవరూ ఉద్వాసన చెప్పలేదు. కొన్ని దండయాత్రల భయంతో భూమిలో పాతిపెట్టినవి, కొన్ని దొంగలు ఎత్తుకుపోతే దొరికినవి. తమిళనాడులోని పత్తూరు నటరాజు సంగతే తీసుకోండి. మట్టిలో దొరికి, చేతులు మారి లండన్ చేరాడు. ఆ కేసులో హక్కు అడిగినవాళ్ల జాబితాలో పాడుబడిన ఆ గుడీ, గుడిలోని శివలింగమూ కూడా ఉన్నాయి. ఇంగ్లండు కోర్టు ఆ గుడి వాదాన్ని ఒప్పుకుంది, 1991లో నటరాజు తిరిగొచ్చాడు. తమిళనాడులోని మరో ఊరు శ్రీపురందన్ నటరాజును ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 2014లో వెనక్కి ఇచ్చింది. కోట్లు పెట్టి కొన్న శిల్పం కాస్తా ఒక్కసారిగా ఒక ఊరి దేవుడైపోయింది.

ఎల్.ఎన్. తల్లూర్ అనే కర్ణాటక శిల్పి ఈ అయోమయాన్నే తన ముడిసరుకు చేసుకున్నాడు. ఆయన బరోడాలో మ్యూజియాల గురించే చదువుకున్నవాడు. 2011లో చేసిన ఒక పనిలో నటరాజు చుట్టూ ఉండే కంచు జ్వాలామండలం అచ్చం పాతదానిలాగే ఉంటుంది, మధ్యలో స్వామి ఉండడు. ఆయన ఉండాల్సిన చోట నాణేలు గుచ్చిన సిమెంటు ముద్ద ఉంటుంది. దాని ముందు చేతులు జోడించాలా వద్దా? ఫొటో చూపించినప్పుడల్లా మా గుంపులో ఎవరో ఒకరి చేతులు సగం దాకా లేచి ఆగిపోతాయి.

ఇందులో దేవుడెక్కడున్నాడు? ఒక పెద్ద చుక్క, నాలుగు త్రికోణాలు తప్ప ఏమీ లేవే?

ఇది అందరికంటే ఎక్కువగా నాన్నలు అడిగే ప్రశ్న.

తెల్లారగట్ల వాకిట్లో చుక్కలు పెట్టి ముగ్గు వేసే ఇంట్లో పుట్టి, చుక్కను చూసి ఇదేమిటని అడగడం నాకు భలే వింతగా ఉంటుంది. శ్రీచక్రంలో ఉన్నది త్రికోణాలూ, మధ్యలో బిందువే కదా. అమ్మవారి ముఖం అందులో ఎక్కడా ఉండదు.

చిత్రకారుడు ఎస్.హెచ్. రజా ఫ్రాన్సులో దశాబ్దాలు గడిపి, 1980 ప్రాంతం నుంచి ఆ బిందువు దగ్గరికే వచ్చి నిలిచాడు. చిన్నప్పుడు మనసు నిలవడం లేదని బడిపంతులు గోడ మీద ఒక చుక్క పెట్టి, దాన్నే చూస్తూ ఉండమన్నాడట. ఆయనే చెప్పుకున్న సంగతి ఇది. 1960లు, 70లలో తంత్ర చిత్రాల రూపాలను ఆధునిక చిత్రంలోకి తెచ్చిన గుంపు ఒకటి ఉంది. కాశ్మీరు నుంచి జి.ఆర్. సంతోష్, చోళమండలంలో ఉన్న కె.వి. హరిదాసన్, మన కరీంనగర్ జిల్లా అన్నారంలో పుట్టిన పి.టి. రెడ్డి ఆ దారిలో నడిచినవాళ్లే. చోళమండలం కళాగ్రామాన్ని 1966లో మద్రాసు పక్కన నిలబెట్టిన కె.సి.ఎస్. పణికర్ అయితే జాతకచక్రాల్లాంటి గళ్లు గీసి, వాటి నిండా లిపిలా కనిపించే రాత నింపాడు. ఎంత చదివినా ఒక్క ముక్క అర్థం కాదు. మన ఇనప్పెట్టెలో పడి ఉండే తాతగారి తాళపత్రాలు మనకు ఎలా కనిపిస్తాయో అలాగే ఉంటుంది, గౌరవం ఉంటుంది, భాష రాదు.

ఇంకా వెనక్కి వెళ్దాం. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో మన అమరావతి స్తూపం పలకలు ఉన్నాయి. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపించాడు, వాటిలో పెద్ద భాగం తర్వాత లండన్ వెళ్లిపోయింది. తొలి పలకల్లో బుద్ధుడు మనిషి రూపంలో కనబడడు. ఖాళీ సింహాసనం ఉంటుంది, దాని ముందు రెండు పాదముద్రలు ఉంటాయి, పైన బోధివృక్షం ఉంటుంది, చుట్టూ జనం చేతులు జోడించి ఉంటారు. దేవుణ్ణి గీయకుండా దేవుణ్ణి చూపించడం గుంటూరు సున్నపురాయి మీద దాదాపు రెండు వేల ఏళ్ల కిందటే జరిగిపోయింది. తల్లూర్ ఖాళీ మండలం ఫొటోను, అమరావతి ఖాళీ సింహాసనం ఫొటోను ఫోనులో పక్కపక్కన పెట్టి చూడండి. నేను గంటసేపు చెప్పేదానికన్నా అది మేలు.

ఇంట్లో దేవుడి పటానికీ, ఇక్కడి బొమ్మకీ తేడా ఏమిటి?

ఇంట్లో పటం ముందు నిలబడితే మీరు దేవుణ్ణి చూస్తారు, పటాన్ని చూడరు. ఏ రంగు చీర, ఎన్ని చేతులు అని ఎవరైనా అడిగితే తడుముకుంటారు. ఇక్కడ పటాన్నే చూడమంటారు.

ఆ పటానికీ ఒక పుట్టుక ఉంది. రవివర్మ 1894లో బొంబాయిలో రాతి అచ్చు ప్రెస్సు పెట్టేదాకా లక్ష్మీసరస్వతుల ముఖాలు ఇంటింటా ఒకేలా ఉండేవి కావు. మనం అనాదిగా ఇంతే అనుకునే లక్ష్మీదేవి, ఆ చీరకట్టు, ఆ తామరపువ్వు, ఆ ఏనుగు, మన ఇళ్లలోకి వచ్చి నూట ముప్పై ఏళ్లే. బెంగళూరు కళాకారిణి ఎన్. పుష్పమాల, ఫొటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి 2000 నుంచి 2004 దాకా చేసిన వరసలో తానే రవివర్మ లక్ష్మిలా ముస్తాబై ఫొటో తీయించుకుంది. తెర మీద గీసిన కొలను, అట్టతో చేసినట్టున్న పువ్వులు, అన్నీ దొరికిపోయేలా ఉంటాయి. వెక్కిరింతా, ముచ్చటా? రెండూ అనిపిస్తాయి నాకు. బాలనాగమ్మ నాటకంలో గుడ్డ తెర ముందు నిలబడ్డ రాణిని చూసి కన్నీళ్లు పెట్టుకున్న మా అమ్మమ్మకు ఈ ఫొటోలు బాగా అర్థమయ్యేవి.

పేడ, వెంట్రుకలు, కుంకుమ... ఇవి మ్యూజియంలో పెట్టేవా?

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

షీలా గౌడ 1957లో భద్రావతిలో పుట్టింది, బెంగళూరులో ఉంటుంది. చిత్రకళే చదువుకుని, 1990ల మొదట్లో రంగులు పక్కనబెట్టి ఆవుపేడ చేతికి తీసుకుంది. ఆవు పేరు మీద దేశంలో రాజకీయం వేడెక్కుతున్న రోజులవి. పేడ అంటే కళ్లాపి, పిడక, ఆడవాళ్ల చాకిరీ. దాంతోపాటు పవిత్రం కూడా. విదేశీయులకైతే ఇది విడమరిచి చెప్పాలి. మనకెందుకు? సంక్రాంతికి పేడముద్దలు చేసి, గుమ్మడిపువ్వు గుచ్చి, పసుపుకుంకుమలు పెట్టి, గొబ్బెమ్మ అని చుట్టూ తిరిగి పాటలు పాడతాం. ధనుర్మాసం అంతా మన వాకిళ్లు ఇన్‌స్టలేషన్లే, మధ్యాహ్నానికి ఎండిపోయి పిడకలవుతాయి.

తర్వాత 1998లో ఆమె సూదుల్లోకి దారాలు ఎక్కించి, ఆ పోగులన్నీ కలిపి, కుంకుమా జిగురూ పట్టించి పొడవాటి ఎర్రటి తాళ్లు చేసింది. గోడల మీద, నేల మీద పేగుల్లా, బొడ్డుతాడులా పాకుతుంటాయి, చివర్న సూదులు గుత్తిగా వేలాడుతుంటాయి. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుందని తెలిసినవాళ్లు, కుంకుమ దిద్దుకోవడమూ తుడిచేయడమూ ఆడదాని బతుకులో ఏమిటో చూసినవాళ్లు దాని ముందు ఊరికే నిలబడిపోతారు. మా గుంపులో ఒకావిడ ఆ ఫొటో చూసి ఏమీ మాట్లాడకుండా పక్కకు వెళ్లిపోయింది. ఆమె భర్త పోయి అప్పటికి ఏడాది కాలేదని మాకు తర్వాత తెలిసింది. నేను ఆ రోజు వివరణ ఇవ్వడం మానేశాను.

ఇక వెంట్రుకలు. 2009లో వెనిస్‌లో చూపించి, ఇప్పుడు లండన్‌లోని టేట్ మ్యూజియం సేకరణలో ఉన్న పనిలో సుమారు నాలుగు కిలోమీటర్ల పొడవున్న వెంట్రుకల తాడు, దానికి వేలాడే కారు బంపర్లు ఉంటాయి. బెంగళూరు రోడ్ల మీద బండ్ల బంపర్లకు దిష్టి తగలకుండా కట్టే నల్లతాడు చూసే ఉంటారు. ఆ తాడు గుళ్లో మొక్కు తీర్చుకుని ఇచ్చిన వెంట్రుకలతో పేనింది. తలనీలాలు అనే మాట మనకు ఎంత దగ్గరిదో చెప్పాలా? కొండ మీద మనం ఇచ్చి వచ్చేస్తాం, ఆ తర్వాత అది ఎటు పోతుందో ఆలోచించం. మంచి వెంట్రుక వేలంలో విగ్గుల వ్యాపారానికి వెళ్తుంది, మిగిలిన పొట్టి వెంట్రుక ఇలాంటి తాళ్లవుతుంది. మొక్కు, సరుకు, దిష్టితాడు, మళ్లీ మ్యూజియం: ఒక్క వెంట్రుక ఇన్ని చోట్ల తిరుగుతుంది. మొదట ఛీ అన్నవాళ్లే చివర్న తమ గుండు ఫొటోలు తీసి చూపించుకుంటారు.

చెన్నైలో ఉండే బెనితా పెర్సియల్ సాంబ్రాణి, బోళం అనే వాసన జిగురు, విత్తనాలు, మూలికలు ముద్ద చేసి బొమ్మలు పోస్తుంది. 2014లో కొచ్చి బినాలేలో, అంటే రెండేళ్లకోసారి జరిగే కళాప్రదర్శనలో, ఆమె క్రైస్తవ మూర్తులు పెట్టిన గదిలో బొమ్మకంటే ముందు వాసన వచ్చి పలకరించేది.

అన్నీ హిందూ దేవుళ్లేనా?

కాదు, పైన చెప్పిన బెనితానే చూడండి. బెంగళూరు శివార్లలోని సిల్వేపురలో చిత్రకారుడు జ్యోతి సాహి దశాబ్దాలుగా క్రీస్తు కథను ఈ నేల చెట్లు, మట్టి, నృత్య భంగిమలతో గీస్తూ వచ్చాడు. ఇస్లాం సంప్రదాయంలో అక్షరమే బొమ్మ, దాని మీద పనిచేసేవాళ్లూ ఉన్నారు. ఏ మతానికీ చెందని ఆధ్యాత్మికత కావాలంటే రష్యా చిత్రకారుడు రోరిక్ గీసిన హిమాలయాలున్నాయి, వాటి సంగతి కింద చెప్తాను.

దేవుణ్ణి ఇలా గీయొచ్చా? మనోభావాలు దెబ్బతినవా?

దెబ్బతినొచ్చు. ఎం.ఎఫ్. హుసేన్ గీసిన కొన్ని దేవతల బొమ్మల మీద దేశమంతా కేసులు పడ్డాయి. ఆయన 2006లో దేశం వదిలి వెళ్లి, తిరిగి రాకుండానే 2011లో లండన్‌లో పోయాడు. ఆ కేసుల్లో కొన్నింటిని 2008 మే 8న ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. చట్టం మాట కొస్తే, పాత ఐపీసీలోని 295ఏ సెక్షను ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299 అయింది. బుద్ధిపూర్వకంగా, ద్వేషంతో మతాన్ని అవమానిస్తేనే అది వర్తిస్తుంది. ఒకరికి నచ్చకపోవడం ఒక్కటే సరిపోదు.

ఇది మన ఒక్కళ్ల గొడవా కాదు. 1999లో న్యూయార్కులోని బ్రూక్లిన్ మ్యూజియంలో క్రిస్ ఒఫిలీ ఏనుగు పేడ వాడి చేసిన ఏసు తల్లి మరియమ్మ చిత్రం పెట్టినందుకు నగర మేయరు మ్యూజియానికి డబ్బు ఆపేస్తానన్నాడు. పేడ అంటే వాళ్లకు అపచారం, మనకు గొబ్బెమ్మ. (హుసేన్ సంగతిలో నా మాట అడిగితే, ఆయన గీత ఇష్టం, ఆ బొమ్మలన్నీ ఇష్టం కాదు. ఆయన్ని వెళ్లగొట్టడం అసలు ఇష్టం లేదు.)

మన దగ్గర నిందాస్తుతి అనే మర్యాదైన తిట్టు ఉంది. రామదాసు చెరసాలలో కూర్చుని రాముణ్ణి లెక్కలు అడిగాడు. ఆ చొరవ కవికి ఇచ్చి, చిత్రకారుడికి ఇవ్వకపోవడం నాకెందుకో అన్యాయంగా తోస్తుంది. మీకు ఏదైనా బొమ్మ కష్టం కలిగిస్తే పక్క గదిలోకి వెళ్లండి, లేదా సందర్శకుల పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం ఊరికే పెట్టలేదు.

ఇందులో మన తెలుగువాళ్లెవరైనా ఉన్నారా?

ఉన్నారు. మద్రాసు కళాశాల నుంచి వచ్చిన ఎం. రెడ్డప్ప నాయుడు, గోదావరి మనిషి, దేవతామూర్తుల మీద ఒక వరసే గీశాడు. అవసరమైన నాలుగు గీతలే ఉంచి మిగతావి వదిలేసిన వినాయకులు ఆయనవి. కె. శ్రీనివాసులు నాగలాపురంలో పెరిగి, లేపాక్షి పైకప్పు చిత్రాలనూ తోలుబొమ్మలనూ కొండపల్లి బొమ్మలనూ కలిపి తన గీత దిద్దుకున్నాడు. పి.టి. రెడ్డి పేరు ముందే వచ్చింది.

బతికున్నవాళ్లలో జి. రవీందర్ రెడ్డిని తప్పకుండా చూడాలి. 1956లో సూర్యాపేటలో పుట్టి విశాఖలో స్థిరపడ్డాడు. ఫైబర్‌గ్లాస్‌తో మనిషంత, అంతకన్నా పెద్ద ఆడవాళ్ల తలలు చేస్తాడు. ఒంటికి బంగారు రంగో పసుపో, రెప్ప వేయని పెద్ద కళ్లు, వెనక్కి తిరిగి చూస్తే కొప్పు నిండా పూలు. ముందునుంచి చూస్తే పొలిమేర పోలేరమ్మ, వెనకనుంచి చూస్తే రైతుబజారులో మన ముందు నిలబడ్డ మనిషి. వెనక్కి వెళ్లి చూడకుండా వచ్చేవాళ్లే ఎక్కువ.

కలంకారీ, తోలుబొమ్మలు కూడా సమకాలీన కళే అంటారా?

చేసేవాళ్లు బతికి ఉండి, ఇవాళ్టి పని చేస్తుంటే ఎందుకు కాదు? ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మ్యూజియాలు వీటిని జానపదం అని పక్క గదిలో పెట్టే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. పోవాలి.

బెంగళూరులో ఎక్కడ మొదలుపెట్టాలి?

కబ్బన్ పార్కు మెట్రోలో దిగి కస్తూర్బా రోడ్డు మీద నడవండి. 2023 ఫిబ్రవరిలో తెరిచిన మ్యాప్, అంటే కళలు, ఫొటోగ్రఫీల మ్యూజియం, అక్కడే ఉంది. బయటకు ఉక్కు నీళ్ల ట్యాంకులా కనిపిస్తుంది, అలా కనిపించాలనే కట్టారు. తెరిచినప్పుడు తల్లూర్ పనులతోపాటు, 1980ల నుంచి మహాబలిపురం శిల్పులతో కలిసి రాయి చెక్కిన ఇంగ్లండు శిల్పి స్టీఫెన్ కాక్స్ పనులూ పెట్టారు. ప్రదర్శనలు మారుతుంటాయి కాబట్టి వెళ్లేముందు వాళ్ల సైటు చూసుకోండి. అదే రోడ్డులో వెంకటప్ప గ్యాలరీ, 1865 నాటి పాత ప్రభుత్వ మ్యూజియం ఉన్నాయి, తెరిచి ఉన్నాయో లేదో కనుక్కుని వెళ్లాలి.

ప్యాలెస్ రోడ్డులో మాణిక్యవేలు మాన్షన్‌లో జాతీయ ఆధునిక కళా గ్యాలరీ 2009 నుంచి ఉంది. చెట్ల కింద కూర్చోవడానికైనా వెళ్లొచ్చు. కుమారకృపా రోడ్డులోని చిత్రకళా పరిషత్తులో రోరిక్ తండ్రీకొడుకుల చిత్రాలున్నాయి. నికొలాయ్ రోరిక్ గీసిన మంచుకొండల్లో మనుషులు చీమలంత, కొన్నింట్లో అదీ లేదు. కొడుకు స్వెతొస్లావ్ ఇక్కడే కనకపుర రోడ్డు ఎస్టేటులో బతికాడు, ఆయన భార్య వాల్తేరులో పుట్టిన సినిమా తార దేవికారాణి. అదే పరిషత్తులో తోలుబొమ్మల సేకరణ కూడా ఉంది. సోమవారం మాత్రం ఆటో ఎక్కకండి, చాలావాటికి అది సెలవు.

గోడ మీద చీటీ ముందు చదవాలా, బొమ్మ ముందు చూడాలా?

బొమ్మ. చీటీలో ఏ సామాన్లతో చేశారో ఆ వరస మాత్రం చదవండి, మిగతాది ఇంగ్లీషు, చాలాసార్లు అక్కర్లేని ఇంగ్లీషు.

పిల్లలను, పెద్దవాళ్లను తీసుకెళ్లొచ్చా?

పెద్దవాళ్లను తప్పకుండా. కూర్చునే బల్లలూ లిఫ్టూ ఉన్నాయో ముందు అడగండి. పిల్లలకు ఒక గది చాలు, రెండో గదిలో గొడవ మొదలవుతుంది.

ఇలాంటి బొమ్మ కొని పూజగదిలో పెట్టుకోవచ్చా?

జనవరిలో చిత్రకళా పరిషత్తు దగ్గర రోడ్డు మీద జరిగే చిత్రసంతెలో కొన్న ఒక చిన్న అచ్చు, నల్ల నేల మీద ఎర్ర వృత్తం, మా హాల్లో వేలాడుతుండేది. అత్తయ్య వచ్చి నెల్లాళ్లు ఉండి వెళ్లింది. ఆవిడ వెళ్లాక చూస్తే వృత్తం మధ్యలో, అద్దం మీద, వేలిముద్రంత కుంకుమ. తుడవలేదు.